పీహెచ్ పెన్ను 8.6 అంటోంది, ల్యాబ్ 8.2 అంటోంది. దేన్ని నమ్మాలి?

ఉప్పుటేరు_రాజు
మొగల్తూరు వైపు మాకు వనామీ రొయ్యల చెరువులు మూడండి. రెండో చెరువు గురించి అడుగుతున్నా. పంట 62వ రోజు, ఉప్పు 18 పీపీటీ (వెయ్యి పాళ్లకి 18 పాళ్లు). పది రోజులుగా సాయంత్రం నాలుగింటికి నా పీహెచ్ పెన్ను (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలిచేది) 8.6 చూపిస్తోంది. అవే నీళ్లు సీసాలో పట్టి భీమవరం ల్యాబుకి పంపిస్తే 8.2 అని రిపోర్టు వస్తోంది. ఒకరోజు కాదు, నాలుగుసార్లు పంపా, నాలుగుసార్లూ అంతే.
పెన్ను కొత్తది, రెండు నెలలైంది. పది రోజుల క్రితమే బఫర్ పొడి (పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణం చేసుకునేది) కలిపి క్యాలిబ్రేట్ చేశా, అంటే పెన్ను అంకె దానికి సరిచేశా. అందుకని పెన్నునే నమ్మి, పీహెచ్ తగ్గాలని బెల్లం, ఈస్టు పులియబెట్టి రెండు విడతలు పోశా. రెండో విడత పోసిన మర్నాడు తెల్లవారుజామున రొయ్య గట్టు వారకొచ్చి తేలింది. ఏరియేటర్లన్నీ (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వేసి, జనరేటర్ కూడా పెట్టి ఎలాగో ఒడ్డున పడ్డాం. కొంత సరుకు పోయింది. ఇప్పుడు పెన్ను పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. అసలు ఏది నిజం?

అర్ధరాత్రి_ఏరియేటర్
రాజు గారూ, ముందు డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంత వచ్చిందో చెప్పండి. రొయ్య తేలిందంటే అది పీహెచ్ పని కాదు, ఆక్సిజన్ పని.

ఉప్పుటేరు_రాజు
తెల్లారి నాలుగున్నరకి మీటరు 3.1 చూపించిందండి. 3.1 కి రొయ్య తేలదు కదా అని ముందు ధైర్యంగానే ఉన్నా. అదీ అర్థం కాలేదు.

గట్టుమీద_పెద్దాయన
నలభై ఏళ్లుగా చెరువులు చేస్తున్నా. టైగరు రొయ్య నాటి నుంచి చూస్తున్నా. నీళ్ల రంగు, గట్టు వార నురగ, చెక్‌ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) మిగిలిన మేత, ఈ మూడూ చూస్తే చాలు. ఈ పెన్నులు వచ్చాక కుర్రాళ్లు నీళ్లలోకి చూడటం మానేసి అంకెలకేసి చూస్తున్నారు.

చెక్‌ట్రే_శీను
పెద్దాయన గారు, మీ కన్ను మీద నాకు గౌరవమే. కానీ రంగు చూసి 8.2 కీ 8.6 కీ తేడా ఎవరూ చెప్పలేరు. నేను ల్యాబులో పని చేస్తా, రోజుకి ఎన్ని సీసాలు వస్తాయో నాకే లెక్క ఉండదు. 30 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపు వాటా, ఉప్పు లేని నీళ్లలో, పీహెచ్ 8.2 అయితే సుమారు 11 శాతం, 8.6 అయితే 24 శాతం. ఉప్పునీళ్లలో కాస్త తగ్గుతుంది గానీ రెట్టింపు మాత్రం రెట్టింపే. అదే చెరువు, అదే అమ్మోనియా, పీహెచ్ అంకె మారితే ఒకరు నిద్రపోతారు, ఇంకొకరు మందుల కొట్టుకి పరిగెడతారు.
రాజు గారూ, క్యాలిబ్రేట్ చేసిన పొట్లం మీద ఏం రాసి ఉందో చెప్పగలరా? అంకె కావాలి నాకు.

ఉప్పుటేరు_రాజు
పెన్నుతో వచ్చిన పొట్లాలు అయిపోతే భీమవరంలో కొన్నా. మూడు రకాలు: 4.00, 6.86, 9.18. నేను 6.86 లో పెట్టి బటన్ నొక్కితే సరే అంది. 9.18 లో పెడితే ఎర్రర్ అని చూపించింది. పొడి పాడైందేమో అనుకుని అది వదిలేశా.

చెక్‌ట్రే_శీను
దొరికింది. పెన్ను బటన్ నొక్కినప్పుడు తెర మీద ఏ అంకె వెలిగింది? 6.86 ఆ, 7.00 ఆ?

ఉప్పుటేరు_రాజు
7.00 అండి. దగ్గరదగ్గరే కదా అనుకున్నా.

బఫర్_మాస్టారు
దగ్గర కాదు నాయనా. అసలు సంగతి అక్కడే ఉంది. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను, కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.
పీహెచ్ ఎలక్ట్రోడ్‌కి అంకెలు తెలియవు. గాజు బల్బు లోపలి ద్రావణానికీ బయటి నీళ్లకీ మధ్య పుట్టే వోల్టేజీ ఒక్కటే దానికి తెలుసు. ఆరోగ్యంగా ఉన్న ఎలక్ట్రోడ్ పీహెచ్ 7 లో సున్నా మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. అక్కణ్ణుంచి ఒక్కో పీహెచ్ మెట్టుకి 25 డిగ్రీల దగ్గర 59, 30 డిగ్రీల దగ్గర 60 మిల్లీవోల్టులు మారుతుంది. ఆ మార్పునే స్లోప్ అంటాం. క్యాలిబ్రేషన్ అంటే ఈ రెండూ దానికి చెప్పడం: సున్నా ఎక్కడుంది, మెట్టు ఎత్తు ఎంత.
బజార్లో బఫర్లు రెండు కుటుంబాలు. ఒకటి 4.01, 7.00, 10.01. ఇంకోటి 4.01, 6.86, 9.18. పెన్నులో కూడా ఈ రెండిట్లో ఏది వాడుతున్నామో చెప్పే సెట్టింగు ఉంటుంది, యూఎస్ఏ అనో నిస్ట్ అనో. మీ పెన్ను మొదటి కుటుంబం మీద ఉంది. మీరు 6.86 లో ముంచారు. దానికి దగ్గర్లో తెలిసిన అంకె 7.00 కాబట్టి “ఓహో ఇది 7.00” అని రాసుకుంది. అక్కణ్ణుంచి ప్రతి రీడింగూ 0.14 ఎక్కువ. 9.18 దగ్గరకొచ్చేసరికి దాని లెక్కలో 10.01 కి మరీ దూరం, అందుకే ఎర్రర్ ఇచ్చింది. పొడి పాడవలేదు. తప్పు చేస్తున్నావని పెన్ను చెప్పిన ఒకే ఒక్క మాట ఆ ఎర్రర్.

అర్ధరాత్రి_ఏరియేటర్
మాస్టారు, మా కాలేజీలో మీరు చెప్పి ఉంటే నేను పాసయ్యేవాణ్ణి.

కైకలూరు_చేపలు
మాస్టారు గారి మాట కాదనను గానీ నాది మూడేళ్ల పాత పెన్ను. నేను కూడా 6.86 లో పెట్టి 7.00 కే నొక్కుతా. ల్యాబుతో పక్కపక్కన పెట్టి చూశా, 8.4 కి 8.4 వచ్చింది. మరి నాది ఎలా సరిగ్గా చూపిస్తోంది?

బఫర్_మాస్టారు
మీది రెండు తప్పులు కొట్టుకుపోయిన కేసు. మూడేళ్ల బల్బు కాబట్టి మెట్టు ఎత్తు తగ్గి ఉంటుంది, 91 శాతం అనుకుందాం. నీళ్లు నిజంగా 8.4 అయితే 6.86 నుంచి దూరం 1.54. అందులో 91 శాతం 1.40. దానికి 7.00 కలిపితే 8.40. అచ్చంగా సరిపోయింది! ఇప్పుడు అదే పెన్ను పీహెచ్ 7.2 నీళ్లలో పెట్టండి. దూరం 0.34, అందులో 91 శాతం 0.31, మీ పెన్ను 7.3 అంటుంది. వానలు పడి చెరువు పీహెచ్ దిగిన రోజు మీ పెన్ను ఆ దిగుడుని తక్కువ చేసి, అంకెని ఎక్కువగా చెబుతుంది. ఒక్క అంకె దగ్గర సరిపోయిందని పెన్ను మంచిదనుకోకండి, రెండు చోట్ల సరిపోవాలి.

కైకలూరు_చేపలు
ఇప్పుడే చేశా. 6.86 కి సెట్టింగు మార్చి, సరిగ్గా పెట్టి, తర్వాత 9.18 లో ముంచితే 8.9 చూపించింది. అంటే?

చెక్‌ట్రే_శీను
30 డిగ్రీల దగ్గర ఆ 9.18 బఫర్ అసలు విలువ 9.14, 6.86 ది 6.85. మధ్య దూరం 2.29 రావాలి, మీకు 2.05 వచ్చింది. అంటే 90 శాతం. మేం ల్యాబులో 95 కింద పడితే శుభ్రం చేసి మళ్లీ చూస్తాం, 90 దగ్గరకొస్తే ఎలక్ట్రోడ్ మార్చేస్తాం. మాస్టారు చూడకుండానే 91 అన్నారు!

కైకలూరు_చేపలు
కొత్తది కొంటా. మూడేళ్లు బానే పని చేసిందిలెండి.

డాబాతోట
సందులో నాదో ప్రశ్న. హైదరాబాద్‌లో డాబా మీద మట్టి లేకుండా ఆకుకూరలు పెంచుతున్నా. పెన్ను ఎండిపోకూడదని రోజూ మూతలో ఆర్వో నీళ్లు పోసి ఉంచుతున్నా. ఇప్పుడు రీడింగ్ నిలబడటానికి మూడు నిమిషాలు పడుతోంది. క్యాలిబ్రేషన్ తప్పా?

బఫర్_మాస్టారు
క్యాలిబ్రేషన్ కాదమ్మా, నిల్వ తప్పు. డిస్టిల్డ్ నీళ్లలోగానీ ఆర్వో నీళ్లలోగానీ ఉంచితే ఎలక్ట్రోడ్ లోపలి ఉప్పు మెల్లగా బయటికి లాగేసుకుంటుంది, బల్బు పైపొర కూడా దెబ్బతింటుంది. మూతలో ఉండాల్సింది 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ (కేసీఎల్) ద్రావణం. దొరక్కపోతే తాత్కాలికంగా 4.01 బఫర్ కూడా సరే. ఇప్పుడు కేసీఎల్‌లో ఒక రాత్రి నానబెట్టి చూడండి, చాలా వరకు తేరుకుంటుంది.
ఇంకో మాట. ముంచి తీశాక బల్బుని గుడ్డతో రుద్దకండి. రుద్దితే గాజు మీద స్టాటిక్ చేరి రీడింగు కాసేపు తేలుతూ ఉంటుంది. టిష్యూతో అద్దండి, చాలు.

డాబాతోట
సర్, మరి దీనికి ఏటీసీ ఉందని రాశారు, ఉష్ణోగ్రత సంగతి అదే చూసుకుంటుందిగా?

బఫర్_మాస్టారు
సగం చూసుకుంటుంది. మెట్టు ఎత్తు 59 నుంచి 60 కి మారితే దాన్ని సరిచేస్తుంది. మీ నీళ్ల పీహెచ్ వేడికి నిజంగా మారితే దాన్ని వెనక్కి తిప్పదు, తిప్పకూడదు కూడా. బఫర్ మాత్రం నీడలో పెట్టి, మీరు కొలిచే నీళ్ల వేడికి దగ్గరగా ఉన్నప్పుడు చెయ్యండి. ఎండలో కారు మీద పెట్టి చేసేవాళ్లని చూశాను.

ఉప్పుటేరు_రాజు
మాస్టారు, శీను గారు, సెట్టింగు మార్చి మళ్లీ చేశా. ఈసారి 6.86 కి 6.86 అనే వెలిగింది. వెంటనే 9.18 లో నొక్కకుండా ఊరికే ముంచితే 9.1 చూపించింది. స్లోప్ బానే ఉన్నట్టే కదా? తర్వాత రెండో పాయింటు కూడా నొక్కా. ఎర్రర్ రాలేదు.
కానీ ఇప్పుడు సాయంత్రం చెరువులో 8.5 వచ్చింది. ల్యాబు ఇవాళ కూడా 8.2 అంది. 0.14 పోయినా ఇంకా 0.3 ఉంది. మరి ల్యాబు మీటరు తప్పా?

గట్టుమీద_పెద్దాయన
చెప్పానా. పెన్ను తప్పంటే ల్యాబు తప్పంటారు, ల్యాబు తప్పంటే బఫర్ తప్పంటారు. ఈలోగా చెరువు పోతుంది.

చెక్‌ట్రే_శీను
మాది తప్పయితే ఒప్పుకుంటా. పొద్దున్నే మా మీటరు మూడు బఫర్లకీ చూశా, స్లోప్ 98, ఆఫ్‌సెట్, అంటే సున్నా దగ్గర తేడా, మైనస్ 6 మిల్లీవోల్టులు. ఏ లోపం లేదు. రాజు గారూ, సీసా చెరువు నుంచి మా బల్ల మీదకి రావడానికి ఎంతసేపు పడుతోంది? నిజం చెప్పండి.

ఉప్పుటేరు_రాజు
కుర్రాడు బండి మీద మరో నాలుగు చెరువుల సీసాలు కూడా తీసుకుని వెళ్తాడండి. రెండున్నర గంటలు, ఒక్కోసారి మూడు. సంచిలో పెట్టి మూత గట్టిగానే బిగిస్తాం.

ఓహాయో_ఆపరేటర్
అదే మరి! నేను ఇక్కడ మురుగునీటి శుద్ధి ప్లాంట్‌లో ఆపరేటర్‌ని, మాది ఉండి దగ్గర పల్లె. ఇక్కడ ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) నియమం ప్రకారం పీహెచ్ నమూనా తీసిన 15 నిమిషాల్లోపు కొలవాలి. ఐసులో పెట్టి దాచినా ఒప్పుకోరు. మొదట్లో ఇంత పట్టింపు ఎందుకా అనుకున్నా. తర్వాత నేనే ఒక సీసా కొలిచి, రెండు గంటలు బల్ల మీద వదిలేసి మళ్లీ కొలిస్తే అంకె మారిపోయింది. నీళ్లలో బతికున్నవి ఉన్నంతకాలం సీసాలో కూడా అవి ఊరుకోవు.

చెక్‌ట్రే_శీను
సరిగ్గా చెప్పారు. చెరువులో ఎండకి ప్లాంక్టన్ (నీళ్లలోని కంటికి కనపడని నాచు) కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటూ ఉంటుంది, అందుకే సాయంత్రానికి పీహెచ్ పైకి పోతుంది. సీసాలో, సంచిలో, చీకట్లో అదే ప్లాంక్టన్ ఊపిరి పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పీహెచ్ దిగుతుంది. నీళ్లు ఎంత పచ్చగా ఉంటే అంత దిగుతుంది. మా మీటరు చూపించిన 8.2 నిజమే, అది సీసా పీహెచ్. మీ పెన్ను ఇప్పుడు చూపించే 8.5 కూడా నిజమే, అది చెరువు పీహెచ్.
ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ లాంటివి సీసాలో అంత త్వరగా మారవు, వాటికి ల్యాబుకి పంపండి. పీహెచ్, డీవో మాత్రం గట్టు మీదే. రేపు అటువైపే వస్తున్నా, మా చిన్న మీటరు తెస్తా, పక్కపక్కన ముంచి చూద్దాం.

సముద్రపుగాలి_నెల్లూరు
ఇదంతా సరే గానీ రాజన్నా, డీవో సంగతి ఎవరూ పట్టించుకోలా. 3.1 అన్నావే, ఆ మీటర్లో ఉప్పు ఎంత పెట్టినావు? యాడ కొలిచినావు?

ఉప్పుటేరు_రాజు
ఉప్పు అంటే? డీవో మీటర్లో ఉప్పు పెట్టాలా? నేను ఆన్ చేసి, వైరు దించి చూస్తా అంతే. చేతికి అందేంత లోతులో, ఏరియేటర్ పక్కనున్న మంచె దగ్గర.

సముద్రపుగాలి_నెల్లూరు
అద్దీ! ఇనుకో. మాది గూడూరు కింద, మేమూ మూడు పంటలు ఇట్నే చేసినాం. డీవో ప్రోబు కొలిచేది ఆక్సిజన్ ఒత్తిడిని. దాన్ని పీపీఎం (లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములు) చెయ్యాలంటే నీళ్లలో ఎంత ఉప్పుందో, ఎంత వేడుందో మీటరుకి తెలియాల. వేడి అదే చూసుకుంటాది, ఉప్పు మనం చెప్పాల. 30 డిగ్రీల మంచినీళ్లు నిండుగా పట్టుకుంటే 7.5 పీపీఎం ఆక్సిజన్. 18 పీపీటీ నీళ్లు 6.8 మాత్రమే పట్టుకుంటాయి. నీ మీటర్లో ఉప్పు సున్నా ఉంటే ప్రతిసారీ పదో వంతు ఎక్కువ చెప్తాది. నీ 3.1 నిజంగా 2.8. అదీ ఏరియేటర్ పక్కన, పైన. రొయ్య ఉండేది అడుగున. అడుగున ఎంతుండిందో ఎవురికి తెలుసు?

ఉప్పుటేరు_రాజు
ఈ మాట నాకు ఏ డీలరూ చెప్పలేదండి. మీటరు పెట్టె తెరిచి చూస్తే నిజంగానే ఉప్పు అని ఓ సెట్టింగ్ ఉంది. సున్నా మీద ఉంది. కొన్నప్పటి నుంచీ.

అర్ధరాత్రి_ఏరియేటర్
నేనూ ఇప్పుడే చూసుకున్నా. నాదీ సున్నా. నా చెరువు 12 పీపీటీ. రెండేళ్లుగా.

కైకలూరు_చేపలు
మావి మంచినీళ్ల చెరువులు కాబట్టి బతికిపోయా.

సముద్రపుగాలి_నెల్లూరు
ఇంకోటి కూడా చెప్తా. మెంబ్రేన్ రకం ప్రోబు అయితే ఆన్ చేసిన ఎంబడే క్యాలిబ్రేట్ చెయ్యబాకండి. కరెంటుతో నడిచే పోలరోగ్రాఫిక్ రకానికి పది పదిహేను నిమిషాలు వేడెక్కనియ్యాల. మెంబ్రేన్ కింద గాలి బుడగ ఉందేమో ఎలుతురుకి పెట్టి చూడండి, ఉంటే ఎలక్ట్రోలైట్ మార్చి మళ్లీ బిగించాల. క్యాలిబ్రేట్ చేసేది నీళ్లలో కాదు, తడి గాల్లో. సీసాలో తడి స్పాంజి పెట్టి, ప్రోబు దానికి అంటకుండా వేలాడదీసి, మీద నీటి చుక్క లేకుండా చూసి 100 శాతం పెట్టుకోవాల. చెరువులో కొలిచేటప్పుడు మెల్లగా ఊపతా ఉండాల, ఎందుకంటే ఆ ప్రోబు తన చుట్టూ ఉండే ఆక్సిజన్ తనే తింటాది, ఊపకపోతే తక్కువ చూపిస్తాది.
నా దగ్గర ఇప్పుడుండేది ఆప్టికల్ది. దానికి ఊపే పని, బుడగల పని లేదు. ఉప్పు మాత్రం దానికీ చెప్పాల్సిందే.

చెక్‌ట్రే_శీను
నెల్లూరు అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. 100 శాతం ఒక్కటే చూసి ఆగకండి. నెలకోసారి సున్నా కూడా చూడండి. సోడియం సల్ఫైట్ నీళ్లలో కలిపి ప్రోబు ముంచితే ఆక్సిజన్ అంతా అది తినేస్తుంది, మీటరు సున్నాకి దగ్గరగా రావాలి. 0.5 దగ్గర ఆగిపోతే ఆ ప్రోబు తెల్లవారుజామున మిమ్మల్ని మోసం చేస్తుంది. మనకి నిజంగా అవసరమయ్యేది 3 కిందే కదా. తర్వాత బాగా కడగండి.

గట్టుమీద_పెద్దాయన
ఈ ఉప్పు సంగతి నాకూ తెలియదు. మా మనవడు మీటరు వాడతాడు, రేపు చూడమంటా. రంగు మాట మాత్రం వదలను.

బఫర్_మాస్టారు
వదలకండి పెద్దాయన గారు. రాజు గారి పెన్ను 8.6 అన్న రోజున మీరు గట్టు మీద ఉండి “నీళ్లు బానే ఉన్నాయి, ఈ బెల్లం ఎందుకు” అని ఉంటే ఆ రాత్రి వేరేగా ఉండేది. సాయంత్రం 8.5 అన్నది 62 రోజుల చెరువుకి కంగారుపడే అంకె కాదు. తెల్లారి ఎంతుందో చూసి, రెండిటి మధ్య తేడా అర పాయింటు దాటితే అప్పుడు ఆలోచించాలి. బెల్లం పోస్తే బ్యాక్టీరియా పెరుగుతుంది, అది రాత్రంతా ఆక్సిజన్ తింటుంది. పీహెచ్ పెన్నులో మొదలైన 0.14, డీవో మీటర్లో దాక్కున్న 0.3, రెండూ కలిసి ఒకే రాత్రి మీద పడ్డాయి.

నల్లగొండ_నీళ్లు
రొయ్యల ముచ్చట నాకు తెల్వది గానీ ఎలక్ట్రోడ్ ముచ్చట చూసి ఆగలేకపోయిన. నేను తాగునీళ్ల ల్యాబ్‌ల చేస్త, మాకు ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉంటది. లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం దాని గుండెకాయ. మీ పీహెచ్ మెట్టు లెక్కనే దీనికి గూడ ఫ్లోరైడ్ పది రెట్లు మారితే 59 మిల్లీవోల్టులు. కానీ లెక్క సూడుండ్రి: 2 మిల్లీవోల్టులు తప్పితే అంకె 8 శాతం తప్పుతది. తాగునీళ్లకు ఐఎస్ 10500 అనే మన దేశ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ 1.0 పీపీఎం దాకా మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటరు. 1.4 ఉన్న బోరు 2 మిల్లీవోల్టుల తప్పుతోటి 1.51 అయితది, బోరు మీద ఎర్ర రంగు పడ్తది. అటు తిప్పి తప్పితే 1.6 ఉన్న బోరు 1.48 అని పచ్చ రంగు పడ్తది, పిల్లలు అవే నీళ్లు తాగుతరు. మా దిక్కు ఫ్లోరైడ్‌తోటి వంగిన కాళ్లు చూసినోళ్లకు ఆ 2 మిల్లీవోల్టులు ఏందో తెలుస్తది.

ఓహాయో_ఆపరేటర్
మీరు రోజూ స్టాండర్డులు కొత్తగా చేస్తారా?

నల్లగొండ_నీళ్లు
రోజూ. 0.2, 1, 10 పీపీఎం. అన్నిటికి టిసాబ్ బఫర్ సమానంగ కలపాలె, స్టాండర్డ్‌కు గూడ, నమూనాకు గూడ. ఇది మర్చిపోతే ఏమైతదో చెప్త. పటికతోటి ఫ్లోరైడ్ తీసేసిన నీళ్లు వస్తయి మాకు, నల్లగొండ టెక్నిక్ అంటరు, పటిక, సున్నం వేసి కలుపుతరు. ఆ నీళ్లల్ల అల్యూమినియం మిగిలితే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కూసుంటది. ఎలక్ట్రోడ్‌కు విడిగ ఉన్న ఫ్లోరైడ్ ఒక్కటే కనపడ్తది. ప్లాంటు మస్తు పని చేస్తున్నదని రిపోర్టు వస్తది, నీళ్లల్ల ఫ్లోరైడ్ అట్లనే ఉంటది. టిసాబ్ అల్యూమినియం చెయ్యి విడిపిస్తది.
నేను చేసిన తప్పు గూడ చెప్త. కొత్తగ చేరినప్పుడు ఎండాకాలం నమూనాలు ఫ్రిజ్‌లకెళ్లి తీసి డైరెక్టు పెట్టిన. స్టాండర్డులేమో గది వేడి మీద ఉన్నయి. ఇరవై నమూనాలు కొలిచినంక, నడుమ పెట్టిన 1 పీపీఎం చెకింగ్ స్టాండర్డ్ మంచిగనే వచ్చింది, నమూనాలు మళ్ల కొలిస్తే వేరే వచ్చినయి. సల్లగున్నదానికీ ఎచ్చగున్నదానికీ మెట్టు వేరు గద. ఇరవైకి ఇరవై మళ్ల చేసిన. అప్పటిసంది అన్నీ ఒక్క గంట ఒకే బల్ల మీద పెట్టంది ఎలక్ట్రోడ్ ముట్ట.

బఫర్_మాస్టారు
ఎంత బాగా చెప్పారు. రాజు గారు 6.86 ని 7.00 అని చెప్పడం, మీరు చల్లటి నీళ్లని వెచ్చటి స్టాండర్డ్‌తో పోల్చడం, రెండూ ఒకే జాతి. కొలిచే నీళ్లూ పోల్చే నీళ్లూ ఒకే పరిస్థితిలో లేవు.

డాబాతోట
కేసీఎల్‌లో నానబెట్టా సర్. ఇప్పుడు ముప్పై సెకన్లలో నిలబడుతోంది. చాలా థాంక్స్.

కైకలూరు_చేపలు
మాస్టారు, ఈ పొట్లాలు మా దగ్గర ఒక్కోసారి దొరకవు. 9.18 అంటే వెలిగారమే (బోరాక్స్) అని ఎవరో అన్నారు. కిరాణా కొట్టు వెలిగారం కలిపి చేసుకోవచ్చా?

బఫర్_మాస్టారు
రసాయనం అదే, నిజమే. శుద్ధమైన వెలిగారం లీటరు డిస్టిల్డ్ నీళ్లలో 3.81 గ్రాములు కలిపితే 25 డిగ్రీల దగ్గర 9.18 వస్తుంది. కానీ కిరాణా కొట్టుది ఎంత శుద్ధమో తెలియదు, పైగా గాలికి దానిలోని స్ఫటిక జలం కొంత పోయి ఉంటుంది, అప్పుడు తూకం తప్పుతుంది. రొయ్యల పంట మీద పెట్టే ఖర్చులో పొట్లం ఖర్చు ఎంతని? కొనండి. డిస్టిల్డ్ నీళ్లలోనే కలపండి, బోరు నీళ్లలో కాదు. 6.86 ఫాస్ఫేట్ బఫర్ బోరు నీళ్ల కాల్షియంతో కలిస్తే తెల్లగా విరుగుతుంది.

ఉప్పుటేరు_రాజు
శీను గారు నిన్న వచ్చారండి. సాయంత్రం నాలుగున్నరకి మంచె మీద కూర్చుని రెండూ పక్కపక్కన ముంచాం. ఆయన మీటరు 8.48, నా పెన్ను 8.5. అవే నీళ్లు సీసాలో పట్టి, సంచిలో చుట్టి, ఇంట్లో మూల పెట్టి ఏడింటికి కొలిచాం: ఆయన మీటరు 8.19, నా పెన్ను 8.2. ఆయన మీటరు చూపించిన అంకె చూసి నాకు కళ్లు చెమర్చాయి. ల్యాబు కుర్రాళ్లని నేను నోటికొచ్చినట్టు అన్నాను ఆ రోజు. శీను గారూ, మన్నించాలి.
డీవో మీటర్లో ఉప్పు 18 పెట్టా. తడి స్పాంజితో 100 శాతం పెట్టా. ఇవాళ తెల్లారి నాలుగున్నరకి పైన 4.6, వెదురుకర్రకి వైరు కట్టి అడుగుకి దించితే 3.9. ఆ ముప్ఫై అంగుళాల్లో ఇంత తేడా ఉందని ఇన్నాళ్లూ తెలియదు. ఇంకో రెండు ఏరియేటర్లు రాత్రి పన్నెండు నుంచే వేస్తున్నాం.

చెక్‌ట్రే_శీను
మన్నించడాలేమీ లేవండి, కాఫీ బాగుంది. పెన్ను వారానికి ఒకసారి రెండు బఫర్లలో చూడండి, పుస్తకంలో తేదీ వేసి రాయండి. 9.18 లో ఊరికే ముంచినప్పుడు ఎంత వచ్చిందో అది తప్పకుండా రాయాలి. ఆ అంకె వారం వారం దిగుతుంటే బల్బు అలిసిపోతోందని ముందే తెలుస్తుంది.

అర్ధరాత్రి_ఏరియేటర్
వారానికి ఒకసారి అంటే తొమ్మిది చెరువులున్నవాడికి కుదరదు. నెలకోసారి చాలదా?

సముద్రపుగాలి_నెల్లూరు
తొమ్మిది చెరువులకి పెన్ను ఒకటే గదా అబ్బయ్యా! పది నిమిషాల పని.

అర్ధరాత్రి_ఏరియేటర్
అవును కదా. సరే, ప్రతి ఆదివారం.

ఉప్పుటేరు_రాజు
ఇంకొక్కటి. మంగళవారం కలిపిన 9.18 సీసాలో సగం మిగిలింది. ఈ ఆదివారానికి వాడొచ్చా?

బఫర్_మాస్టారు
మూత తీసిన ప్రతిసారీ అది గాల్లోని కార్బన్ డయాక్సైడ్ తాగుతుంది, పీహెచ్ దిగుతుంది. 6.86 అయితే కొన్నాళ్లు ఉంచుకోవచ్చు, 9.18 పారబోయండి. ఒకసారి గ్లాసులో పోసి పెన్ను ముంచినదాన్ని ఏదైనా సరే మళ్లీ సీసాలో పోయకండి.

ఉప్పుటేరు_రాజు
పారబోశా. రేపు కొత్త పొట్లం.